విండోస్ 11 టాస్క్‌బార్‌ని మన పనికి తగ్గట్టు మార్చుకోవడం ఎలా? మొదట్నుంచి చివరిదాకా

కంప్యూటర్ ఆన్ చేసిన దగ్గర్నుంచి ఆఫ్ చేసేదాకా మన చూపు ఎక్కువగా పోయేది అడుగున ఉండే ఆ సన్నటి పట్టీ మీదకే. అయినా చాలామంది కొత్త ల్యాప్‌టాప్ కొన్నాక అది ఎలా వచ్చిందో అలాగే ఏళ్ళ తరబడి వాడేస్తుంటారు, ఎప్పుడూ నొక్కని బటన్లేమో కళ్ళ ముందే ఉంటాయి, రోజూ కావాల్సిన ఫైలు కోసం మాత్రం ఐదారు క్లిక్కులు కొట్టాలి. ఇంకొంతమంది దీనికి పూర్తి ఉల్టా, యూట్యూబ్‌లో ఏదో వీడియో చూసి ముందే నాలుగు సాఫ్ట్‌వేర్లు ఎక్కించేస్తారు, తర్వాత విండోస్ అప్‌డేట్ రాగానే స్క్రీన్ నల్లగా అయిపోయిందని కంగారు పడతారు. నేను చెప్పేది ఒక్కటే, వరస ముఖ్యం. ముందు అక్కర్లేనివి తీసేయాలి, తర్వాత కావాల్సినవి సరైన చోట పెట్టుకోవాలి, ఆ తర్వాతే రంగులూ సోకులూ, బయటి సాఫ్ట్‌వేర్లు అన్నిటికన్నా చివర. ఈ వరసలో వెళ్తే చాలామందికి ఆ చివరి మెట్టు దాకా పోవాల్సిన అవసరమే రాదు.

టాస్క్‌బార్ అనేది 1995 ఆగస్టు 24న విండోస్ 95తో వచ్చింది, 2009లో విండోస్ 7 వచ్చినప్పుడు యాప్‌లని దాని మీదే పిన్ చేసుకునే (అంటే ఎప్పుడూ కనపడేలా అక్కడే గుచ్చి పెట్టుకునే) పద్ధతి మొదలైంది. 2021 అక్టోబర్ 5న వచ్చిన విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ దీన్ని దాదాపు కొత్తగా రాసింది, అందుకే అప్పుడు పాత సౌకర్యాలు చాలా ఎగిరిపోయాయి. బటన్ల పక్కన పేర్లు పోయాయి, ఫైలు లాక్కొచ్చి ఐకాన్ మీద వదలడం పోయింది, రైట్ క్లిక్‌లో టాస్క్ మేనేజర్ కూడా పోయింది. జనం గట్టిగా అడిగితే ఒక్కొక్కటే వెనక్కి ఇచ్చుకుంటూ వచ్చారు. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి ఈ మధ్యే 11కి మారినవాళ్ళు చాలామంది ఉంటారు, "పాతది బాగుండేది కదా" అనిపించేది వాళ్ళకే, ఇది ముఖ్యంగా వాళ్ళ కోసమే రాస్తున్నా.

మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. విండోస్ కీ పట్టుకుని ఐ అక్షరం నొక్కితే సెట్టింగ్స్ తెరుచుకుంటుంది, అందులో సిస్టమ్‌లోకి వెళ్ళి అట్టడుగున అబౌట్ నొక్కండి. అక్కడ ఎడిషన్ పేరు, వెర్షన్ ఉంటాయి, 23హెచ్2, 24హెచ్2 ఇలా. ఈ రెండూ గుర్తుపెట్టుకోండి, కింద చెప్పిన ఆప్షన్ ఏదైనా మీ దగ్గర కనపడకపోతే చాలాసార్లు కారణం వెర్షన్ పాతది కావడమే. విండోస్ అప్‌డేట్ పూర్తి చేసి మళ్ళీ చూడండి.

ముందు శుభ్రం చేద్దాం

టాస్క్‌బార్ మీద ఖాళీగా ఉన్న చోట రైట్ క్లిక్ చేసి టాస్క్‌బార్ సెట్టింగ్స్ నొక్కండి. ఈ పేజీకే సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, అందులో టాస్క్‌బార్ అనే దారిలో కూడా రావచ్చు. పైన టాస్క్‌బార్ ఐటమ్స్ అని ఉంటుంది, అందులో సెర్చ్, టాస్క్ వ్యూ, విడ్జెట్స్ ఉంటాయి.

సెర్చ్ బాక్స్ చాలా చోటు తినేస్తుంది. అసలు దాని అవసరమే లేదు, ఎందుకంటే విండోస్ కీ ఒకసారి నొక్కి వదిలేసి నేరుగా టైప్ చేయడం మొదలుపెడితే అదే వెతుకుతుంది. కాబట్టి అక్కడ హైడ్ అని పెట్టేయండి, మరీ లేకపోతే ఎలా అనుకుంటే సెర్చ్ ఐకాన్ ఓన్లీ అనేది పెట్టుకోండి. సెర్చ్ బాక్స్‌లో రోజుకో బొమ్మ వచ్చి కూర్చుంటుంది కదా, బాక్స్ ఉంచుకుని ఆ బొమ్మ మాత్రమే తీసేయాలంటే ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో సెర్చ్‌కి సంబంధించిన పేజీలో సెర్చ్ హైలైట్స్ ఆఫ్ చేస్తే సరిపోతుంది.

విడ్జెట్స్ అంటే ఎడమ మూల వాతావరణం చూపించే బటన్. ఎండాకాలంలో టెంపరేచర్ చూసుకోవడానికి కొందరికి ఇష్టమే, కానీ మౌస్ అటు పోగానే సగం స్క్రీన్ మీద వార్తలు పరుచుకుంటాయే, అదే చిరాకు. మొత్తం తీసేయాల్సిన పని లేదు, విడ్జెట్స్ ఓపెన్ చేసి దాని సెట్టింగ్స్‌లో మౌస్ ఆనించగానే తెరుచుకునే ఆప్షన్ ఆఫ్ చేస్తే టెంపరేచర్ ఉంటుంది, వార్తలు మీరు క్లిక్ చేస్తేనే వస్తాయి. తెరిచిన విండోలన్నీ ఒకేసారి చూపించే టాస్క్ వ్యూ బటన్ సంగతికొస్తే, విండోస్ కీ + ట్యాబ్ అదే పని చేస్తుంది కాబట్టి ఆఫ్ చేసేయొచ్చు.

తర్వాత, కంపెనీవాళ్ళు ముందే పెట్టి పంపిన పిన్‌లు. స్టోర్, ట్రయల్ యాంటీవైరస్, కోపైలట్, మీరు వాడనివి ఏవైతే ఉన్నాయో ఒక్కోదాని మీద రైట్ క్లిక్ చేసి అన్‌పిన్ ఫ్రమ్ టాస్క్‌బార్ కొట్టండి. దీంతో యాప్ డిలీట్ అవదు, భయం అక్కర్లేదు, ఆ పట్టీ మీద నుంచి పక్కకి పోతుంది అంతే.

పిన్‌లు పెట్టుకునే పద్ధతి, అసలు విషయం ఇక్కడే ఉంది

దీని మీద కాస్త ఎక్కువ టైం పెట్టండి, ఎందుకంటే మిగతా మార్పులన్నీ కంటికి, ఇది మాత్రం చేతికి.

యాప్ ఓపెన్ చేసి ఉంటే దాని ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి పిన్ టు టాస్క్‌బార్ కొడితే చాలు. పిన్ అయ్యాక ఐకాన్‌ని మౌస్‌తో పట్టుకుని అటూ ఇటూ లాగి వరస మార్చుకోవచ్చు. ఆ వరస ఎందుకు ముఖ్యమంటే, విండోస్ కీ + 1 నొక్కితే ఎడమ నుంచి మొదటి పిన్ తెరుచుకుంటుంది, విండోస్ కీ + 2 అయితే రెండోది, అలా 9 దాకా, పదోదానికి 0. అంటే మీరు రోజూ వాడే మొదటి నాలుగైదు యాప్‌లు ఎప్పుడూ ఒకే వరసలో ఉంటే వారం తిరిగేసరికి మౌస్ ముట్టుకోకుండానే చేతులు అలవాటు పడిపోతాయి. అకౌంట్స్ పని చేసేవాళ్ళు అనుకోండి, 1లో టాలీ, 2లో ఎక్సెల్, 3లో బ్రౌజర్, 4లో వాట్సాప్ పెట్టుకోవచ్చు. చదువుకునే పిల్లలైతే బ్రౌజర్, వర్డ్, పీడీఎఫ్ రీడర్, కాలిక్యులేటర్. ఎన్ని పెట్టుకోవాలి అంటే నా ఉద్దేశంలో 10 దాటకుండా చూసుకోవడమే మంచిది, 10 దాటితే నంబర్ షార్ట్‌కట్ పనికిరాదు, వెతుక్కోవడం మళ్ళీ మొదలవుతుంది.

ఆ నంబర్లతోనే ఇంకొన్ని ఉన్నాయి. విండోస్ కీకి తోడు షిఫ్ట్ కూడా పట్టుకుని నంబర్ నొక్కితే అదే యాప్‌కి ఇంకో కొత్త విండో వస్తుంది, ఆల్ట్ పట్టుకుని నొక్కితే ఆ యాప్ జంప్ లిస్ట్ వస్తుంది. మౌస్‌తో అయితే షిఫ్ట్ పట్టుకుని ఐకాన్ మీద క్లిక్ చేసినా, మధ్యలో ఉండే వీల్ నొక్కినా కొత్త విండో వస్తుంది, కంట్రోల్ + షిఫ్ట్ పట్టుకుని క్లిక్ చేస్తే అడ్మినిస్ట్రేటర్‌గా తెరుచుకుంటుంది.

జంప్ లిస్ట్ అంటే ఐకాన్ మీద రైట్ క్లిక్ చేస్తే పైకి వచ్చే జాబితా, ఈ మధ్య తెరిచిన ఫైళ్ళు అందులో ఉంటాయి. దీన్ని వాడేవాళ్ళు చాలా తక్కువమంది, నాకైతే మొత్తం టాస్క్‌బార్‌లో ఇదే అన్నిటికన్నా పనికొచ్చే సౌకర్యం అనిపిస్తుంది. ఎక్సెల్ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేయండి, మీరు రోజూ తెరిచే షీట్ కనపడుతుంది, దాని పక్కన మౌస్ పెడితే చిన్న పిన్ గుర్తు వస్తుంది, అది నొక్కితే ఆ ఫైలు ఎప్పటికీ ఆ లిస్ట్ పైనే ఉండిపోతుంది. ఇంటి ఖర్చుల షీట్, షాపు స్టాక్ షీట్, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లెక్క, ఇలాంటివన్నీ అక్కడ పిన్ చేసేస్తే ఫోల్డర్లలో తవ్వుకోవాల్సిన బాధ తప్పుతుంది. లిస్ట్‌లో మీ ఫైళ్ళు అసలు కనపడటం లేదంటే పర్సనలైజేషన్‌లో స్టార్ట్ పేజీకి వెళ్ళి చూడండి, రీసెంట్ ఫైళ్ళూ జంప్ లిస్టులూ చూపించే ఆప్షన్ అక్కడే ఉంటుంది, అది ఆఫ్‌లో ఉండి ఉంటుంది. ఇంట్లో నలుగురూ ఒకే అకౌంట్ వాడుతుంటే, మీరు ఏం తెరిచారో అందరికీ కనపడకూడదు అనుకుంటే, దాన్ని కావాలనే ఆఫ్‌లో పెట్టుకోవడం కూడా సరైన పనే.

ఇక ఫోల్డర్ల సంగతి. ఫోల్డర్‌ని లాక్కొచ్చి టాస్క్‌బార్ మీద వదిలితే అది విడిగా కూర్చోదు, ఫైల్ ఎక్స్‌ప్లోరర్ జంప్ లిస్ట్‌లోకి పోతుంది. చాలామందికి అది చాలు. కానీ ఒక ఫోల్డర్ ప్రత్యేకంగా తన సొంత ఐకాన్‌తో కావాలంటే ఇలా చేయండి:

1. ఫోల్డర్‌ని ఒకసారి క్లిక్ చేసి సెలెక్ట్ చేయండి, కంట్రోల్ + షిఫ్ట్ + సి నొక్కండి. ఫోల్డర్ పూర్తి అడ్రస్ కొటేషన్ గుర్తులతో సహా కాపీ అవుతుంది.
2. డెస్క్‌టాప్ మీద ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి న్యూ, అందులో షార్ట్‌కట్ తీసుకోండి.
3. అడ్రస్ అడిగే చోట ఇంగ్లీషులో ఎక్స్‌ప్లోరర్ (explorer) అని టైప్ చేసి, ఒక స్పేస్ ఇచ్చి, కాపీ చేసింది పేస్ట్ చేయండి. ఆ స్పేస్ మర్చిపోతే పనిచేయదు.
4. నెక్స్ట్ కొట్టి పేరు పెట్టి ఫినిష్ చేయండి.
5. వచ్చిన షార్ట్‌కట్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, చేంజ్ ఐకాన్. నచ్చిన బొమ్మ ఇప్పుడే ఎంచుకోండి, పిన్ చేశాక మారిస్తే ఒక్కోసారి పాత బొమ్మే చూపిస్తూ ఉంటుంది.
6. మళ్ళీ దాని మీద రైట్ క్లిక్ చేసి షో మోర్ ఆప్షన్స్, అందులో పిన్ టు టాస్క్‌బార్.

అయిపోయాక డెస్క్‌టాప్ మీది షార్ట్‌కట్ తీసేసినా పిన్ పోదు.

వెబ్‌సైట్లని కూడా పిన్ చేసుకోవచ్చు. ఎడ్జ్‌లో అయితే మూడు చుక్కల మెనూలో మోర్ టూల్స్‌లోనే పిన్ టు టాస్క్‌బార్ ఉంటుంది, క్రోమ్‌లో మూడు చుక్కలు నొక్కి కాస్ట్, సేవ్ అండ్ షేర్ అనేదాంట్లో ఆ పేజీని యాప్‌గా ఇన్‌స్టాల్ చేసుకునే ఆప్షన్ ఉంటుంది. రోజూ చూసే మెయిల్‌కి, ఆఫీస్ పోర్టల్‌కి ఇది బాగుంటుంది. బ్యాంకు సైట్లని మాత్రం ఇంట్లో అందరూ వాడే కంప్యూటర్‌లో ఇలా బయటికి పెట్టకండి.

పేర్లు కనపడాలా, ఎడమకి జరపాలా

టాస్క్‌బార్ సెట్టింగ్స్‌లో అట్టడుగున టాస్క్‌బార్ బిహేవియర్స్ అని ఉంటుంది, దాని మీద క్లిక్ చేస్తే పెద్ద లిస్ట్ విప్పుకుంటుంది. మొదటిది అలైన్‌మెంట్. స్టార్ట్ బటన్ మధ్యలో ఉంటే పిన్ చేయని యాప్ తెరిచినప్పుడల్లా ఐకాన్లన్నీ పక్కకి జరుగుతూ ఉంటాయి, స్టార్ట్ బటన్ కూడా. లెఫ్ట్ అని పెడితే అది ఎప్పుడూ మూలనే ఉంటుంది, మౌస్‌ని గుడ్డిగా ఎడమ కింది మూలకి తోసినా తగులుతుంది. నా ఓటు ఎడమకే. ఎడమకి మార్చాక వాతావరణం బటన్ కుడివైపుకి పోతుంది, ఏదో పోయిందనుకోకండి.

రెండోది, చాలామంది వెతికేది, కంబైన్ టాస్క్‌బార్ బటన్స్ అండ్ హైడ్ లేబుల్స్. ఇది విండోస్ 11 వచ్చిన రెండేళ్ళకి, 2023లో తిరిగొచ్చింది. నెవర్ అని పెడితే ప్రతి విండోకీ విడి బటన్, పక్కన పేరుతో సహా వస్తుంది. నాలుగు ఎక్సెల్ షీట్లు తెరిచి పెట్టుకుని పనిచేసేవాళ్ళకి ఏ షీట్ ఎక్కడుందో పేరు చదివి ఒక్క క్లిక్‌లో పోవచ్చు, లేకపోతే ఐకాన్ మీద మౌస్ పెట్టి చిన్న బొమ్మల్లో వెతుక్కోవాలి. వెన్ టాస్క్‌బార్ ఈజ్ ఫుల్ అనేది మధ్యేమార్గం, చోటు ఉన్నంతసేపు పేర్లు, చోటు అయిపోతే కలిపేస్తుంది, చాలామందికి ఇదే సరిపోతుంది. పెద్దవాళ్ళకి కంప్యూటర్ సెట్ చేసి ఇస్తుంటే మాత్రం నెవర్ పెట్టండి, ఐకాన్ బొమ్మలు గుర్తుపట్టడం కన్నా పేరు చదవడం వాళ్ళకి తేలిక.

చిన్న బటన్ల ఆప్షన్ కూడా 24హెచ్2 తర్వాతి అప్‌డేట్లలో వచ్చింది, షో స్మాలర్ టాస్క్‌బార్ బటన్స్ అని. ఐకాన్లు చిన్నవవుతాయి గానీ పట్టీ ఎత్తు తగ్గదు, కాబట్టి స్క్రీన్ మీద చోటు మిగులుతుందని ఆశపడొద్దు.

బయటి సాఫ్ట్‌వేర్ లేకుండా చోటు నిజంగా మిగలాలంటే పట్టీ ఆటోమేటిక్‌గా దాక్కునే ఆప్షన్ (ఆటో హైడ్) ఒక్కటే దారి. మామూలు స్కేలింగ్‌లో (అంటే స్క్రీన్ మీద అక్షరాలూ బొమ్మలూ పెద్దవి చేయకుండా 100 శాతంలో ఉంచితే) పట్టీ ఎత్తు 48 పిక్సెళ్ళు. పాత చిన్న ల్యాప్‌టాప్‌లలో స్క్రీన్ ఎత్తు 768 పిక్సెళ్ళే కాబట్టి స్క్రీన్‌లో పదహారో వంతు ఈ పట్టీకే పోతుందన్నమాట, అలాంటి వాటిల్లో ఆటో హైడ్ బాగా ఉపయోగం. ఓలెడ్ స్క్రీన్ ఉన్నవాళ్ళు కూడా పెట్టుకోవడం మంచిది, ఎప్పుడూ కదలని బొమ్మ ఒకేచోట ఉంటే ఆ స్క్రీన్లకి మచ్చ పడే అవకాశం ఉంది. ఆటో హైడ్ పెట్టినా పట్టీ దాక్కోకుండా మొండికేస్తే ఏదో యాప్ మిమ్మల్ని పిలుస్తోందని అర్థం, ఆ యాప్ ఒకసారి తెరిచి చూస్తే పోతుంది, మాటిమాటికీ ఇదే అయితే అదే లిస్ట్‌లో షో ఫ్లాషింగ్ ఆన్ టాస్క్‌బార్ యాప్స్ ఆఫ్ చేయండి.

రెండు మానిటర్లు ఉన్నవాళ్ళకి ఇక్కడే షో మై టాస్క్‌బార్ ఆన్ ఆల్ డిస్‌ప్లేస్ ఉంటుంది, దాని కింద ఏ విండో బటన్ ఎక్కడ కనపడాలి అని అడుగుతుంది. విండో ఏ మానిటర్‌లో తెరిచి ఉంటే బటన్ ఆ మానిటర్‌లోనే కనపడేలా పెట్టుకోండి, గందరగోళం తగ్గుతుంది. కుడి కింది చివర క్లిక్ చేస్తే డెస్క్‌టాప్ కనపడే ఆప్షన్ కూడా ఈ లిస్ట్‌లోదే, కొన్ని సిస్టమ్‌లలో ఆఫ్‌లో ఉంటుంది, ఆన్ చేసుకోండి, కీబోర్డ్‌తో అయితే విండోస్ కీ + డి.

ఒక మంచి ఆప్షన్ మాత్రం వేరే పేజీలో దాగి ఉంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో ఫర్ డెవలపర్స్ (కొన్ని కొత్త వెర్షన్లలో ఆ పేజీ పేరు అడ్వాన్స్‌డ్) తెరిస్తే ఎండ్ టాస్క్ అని ఒక స్విచ్ ఉంటుంది. అది ఆన్ చేస్తే, ఏదైనా యాప్ హ్యాంగ్ అయినప్పుడు టాస్క్ మేనేజర్ తెరవకుండా టాస్క్‌బార్ మీద రైట్ క్లిక్‌తోనే చంపేయొచ్చు. సేవ్ చేయని పని మాత్రం పోతుంది, "సేవ్ చేయాలా" అని కూడా అడగదు, కాబట్టి నిజంగా బిగుసుకుపోయినప్పుడే వాడండి.

కుడివైపు మూల: గడియారం, చిన్న ఐకాన్లు

పైకి చూసే బాణం గుర్తు ఉంటుంది చూడండి, దాని వెనక యాప్‌లు దాక్కుని ఉంటాయి. ఏది బయట ఉండాలో ఏది లోపల ఉండాలో టాస్క్‌బార్ సెట్టింగ్స్‌లో అదర్ సిస్టమ్ ట్రే ఐకాన్స్ దగ్గర ఆన్, ఆఫ్ చేసుకోవచ్చు, లేదా ఐకాన్‌ని మౌస్‌తోనే లోపలికీ బయటికీ లాగొచ్చు. క్లౌడ్ బ్యాకప్, పెన్‌డ్రైవ్ సేఫ్‌గా తీసే ఐకాన్, ఈ రెండూ బయట ఉంచండి, బ్యాకప్ ఆగిపోతే వెంటనే కంటపడాలి కదా. మిగతావన్నీ లోపలికి. సౌండ్ తగ్గించడానికి స్పీకర్ ఐకాన్ క్లిక్ చేయాల్సిన పని లేదు, దాని మీద మౌస్ పెట్టి వీల్ తిప్పితే చాలు.

గడియారంలో సెకన్లు కావాలనుకునేవాళ్ళు ఉంటారు, తత్కాల్ టికెట్లు బుక్ చేసేవాళ్ళకి, ఆన్‌లైన్ స్లాట్ల కోసం కాచుకునేవాళ్ళకి ఇది నిజంగా అవసరం. టాస్క్‌బార్ బిహేవియర్స్‌లో ఉంటుంది, అక్కడ లేకపోతే టైమ్ అండ్ లాంగ్వేజ్‌లో డేట్ అండ్ టైమ్ పేజీలో చూడండి. కాస్త బ్యాటరీ ఎక్కువ తింటుందని విండోసే పక్కన రాసి ఉంటుంది. బయటి దేశంలో కొన్న ల్యాప్‌టాప్ అయితే తేదీలో నెల ముందు చూపిస్తుంది, లాంగ్వేజ్ అండ్ రీజియన్‌లో రీజినల్ ఫార్మాట్‌ని ఇంగ్లీష్ ఇండియా చేస్తే మనకి అలవాటైన రోజు, నెల, సంవత్సరం వరస వస్తుంది.

మన ఇళ్ళల్లో చాలామందికి పనికొచ్చేది అడిషనల్ క్లాక్స్. పిల్లలు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటే, ఫోన్ చేసే ముందు అక్కడ ఎంత అయిందో ప్రతిసారీ వేళ్ళ మీద లెక్కపెట్టడం ఎందుకు? డేట్ అండ్ టైమ్ పేజీలో అడిషనల్ క్లాక్స్ అని ఉంటుంది, అది తెరిచి రెండు గడియారాల దాకా పెట్టుకోవచ్చు, ఊరి టైమ్ జోన్ ఎంచుకుని పేరు కూడా మనమే ఇవ్వొచ్చు, "చిన్నోడు, డాలస్" అని తెలుగులోనే పెట్టండి. తర్వాత టాస్క్‌బార్ గడియారం మీద మౌస్ ఆనిస్తే మన టైమ్‌తో పాటు ఆ టైమ్‌లు కూడా కనపడతాయి. అమెరికాలో మార్చిలో, నవంబర్‌లో గంట జరుపుతారు కదా, ఆ లెక్క కూడా అదే చూసుకుంటుంది. అక్కడున్నవాళ్ళు ఇండియా టైమ్ కోసం ఇదే పద్ధతిలో పెట్టుకోవచ్చు.

తెలుగు టైపింగ్ బటన్

తెలుగులో రాసేవాళ్ళకి టాస్క్‌బార్‌లో ఉండాల్సిన ముఖ్యమైన బటన్ భాష మార్చేది. టైమ్ అండ్ లాంగ్వేజ్‌లో లాంగ్వేజ్ అండ్ రీజియన్‌కి వెళ్ళి యాడ్ ఎ లాంగ్వేజ్ నొక్కి తెలుగు ఎంచుకోండి. తర్వాత తెలుగు పక్కన మూడు చుక్కల్లో లాంగ్వేజ్ ఆప్షన్స్ తెరిచి కీబోర్డ్స్ దగ్గర చూడండి, ఒక్కో కీకి ఒక్కో తెలుగు అక్షరం ఉండే ఇన్‌స్క్రిప్ట్ ఒకటి, ఫొనెటిక్ ఒకటి. ఇంగ్లీషు అక్షరాలతో అమ్మ అని కొడితే అమ్మ అని తెలుగులో పడేది ఫొనెటిక్, ఇది 2019లో విండోస్ 10 అప్‌డేట్‌తో వచ్చింది, దీని కోసం బయటి సాఫ్ట్‌వేర్ ఏదీ ఎక్కించక్కర్లేదు. ఇక టాస్క్‌బార్ కుడివైపు భాష గుర్తు వచ్చేస్తుంది, విండోస్ కీ + స్పేస్ కొడితే మారుతుంది.

ఇక్కడ రెండు చికాకులు వస్తాయి, రెండిటికీ మందు టైపింగ్ పేజీలో అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్‌లోనే ఉంది. ఒకటి, వర్డ్‌లో తెలుగు పెట్టుకుని బ్రౌజర్‌లోకి పోగానే అక్కడా తెలుగే పడటం. ప్రతి యాప్ విండోకీ విడి ఇన్‌పుట్ మెథడ్ అనే టిక్ పెడితే వర్డ్ తెలుగులోనూ బ్రౌజర్ ఇంగ్లీషులోనూ వాటంతట అవే ఉంటాయి. రెండోది, ఆల్ట్ + షిఫ్ట్ పొరపాటున తగిలి భాష మారిపోవడం, పాస్‌వర్డ్ కొడుతుంటే తప్పు అని వస్తుంటుంది, కారణం తెలీదు. ఇన్‌పుట్ లాంగ్వేజ్ హాట్ కీస్ తెరిచి ఆ షార్ట్‌కట్ తీసేయండి, విండోస్ కీ + స్పేస్ ఉండనే ఉంది. ఇంగ్లీష్ యూఎస్, ఇంగ్లీష్ ఇండియా రెండూ లిస్ట్‌లో ఉంటే ఒకటి తీసేయండి, లేకపోతే తెలుగుకి పోవడానికి ప్రతిసారీ రెండుసార్లు నొక్కాల్సి వస్తుంది.

మెనూలు, టాస్క్‌బార్ మాటలు కూడా తెలుగులో కావాలంటే డిస్‌ప్లే లాంగ్వేజ్ తెలుగు పెట్టి సైన్ అవుట్ అయి రావాలి. కానీ మన దగ్గర అమ్మే ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి హోమ్ సింగిల్ లాంగ్వేజ్ ఎడిషన్ ఉంటుంది, మొదట్లో అబౌట్ పేజీలో చూశాం కదా, అక్కడ ఆ పేరు ఉంటే డిస్‌ప్లే లాంగ్వేజ్ మార్చడానికి ఒప్పుకోదు. టైపింగ్‌కి మాత్రం ఆ అడ్డంకి లేదు, తెలుగు కీబోర్డ్ మామూలుగానే పనిచేస్తుంది.

రంగు, అద్దంలాంటి మెరుపు

పర్సనలైజేషన్‌లో కలర్స్ తెరవండి. టాస్క్‌బార్‌కి మనకి నచ్చిన రంగు వేయాలంటే షో యాక్సెంట్ కలర్ ఆన్ స్టార్ట్ అండ్ టాస్క్‌బార్ అనే స్విచ్ ఆన్ చేయాలి, చాలామందికి అది నొక్కనివ్వకుండా మసకగా ఉంటుంది. లైట్ మోడ్‌లో ఉన్నంతవరకూ అది పనిచేయదు, కారణం అదే. చూజ్ యువర్ మోడ్ దగ్గర కస్టమ్ అని పెట్టి, విండోస్ మోడ్‌ని డార్క్, యాప్ మోడ్‌ని లైట్ చేయండి. ఇప్పుడు ఆ స్విచ్ తెరుచుకుంటుంది, టాస్క్‌బార్‌కి రంగు వస్తుంది, వర్డ్, ఎక్స్‌ప్లోరర్ లాంటివి మాత్రం తెల్లగానే ఉంటాయి. ట్రాన్స్‌పరెన్సీ ఎఫెక్ట్స్ ఆన్‌లో ఉంటే వెనక వాల్‌పేపర్ రంగు లీలగా కనపడుతుంది, పాత సిస్టమ్ నెమ్మదిగా ఉంటే ఆఫ్ చేసి చూడండి.

పూర్తిగా అద్దంలా కావాలంటే ట్రాన్స్‌లూసెంట్‌టీబీ అనే ఉచిత యాప్ ఉంది, ఓపెన్ సోర్స్, మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోనే దొరుకుతుంది. డెస్క్‌టాప్ కనపడుతున్నప్పుడు ఒకలా, విండో పెద్దది చేసినప్పుడు ఇంకోలా పెట్టుకునే వీలు కూడా అందులో ఉంది. సోకు కోసం ఒక్కటే ఎక్కించాలంటే ఇది చాలు.

బయటి సాఫ్ట్‌వేర్లు, చిట్టచివర

విండోస్ 11 వచ్చినప్పుడు టాస్క్‌బార్‌ని పైకో పక్కకో జరిపే ఆప్షన్ తీసేశారు. అప్పట్లో రిజిస్ట్రీ (విండోస్ తన లోపలి సెట్టింగ్స్ దాచుకునే చోటు) మారిస్తే పైకి పోయేది, ఆ చిట్కా 22హెచ్2 నుంచి పనిచేయడం మానేసింది, అయినా పాత వీడియోలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, వాటిని చూసి రిజిస్ట్రీలో చేతులు పెట్టొద్దు. ఇలాంటివి కావాలంటే నేను ముందు చెప్పేది విండ్‌హాక్. ఇది ఉచితం, ఇందులో ఒక్కో చిన్న మార్పు ఒక్కో మాడ్‌గా ఉంటుంది, కావాల్సింది ఒక్కటే ఎక్కించుకోవచ్చు, నచ్చకపోతే ఆ ఒక్కటే ఆపేయొచ్చు. పట్టీ ఎత్తు, ఐకాన్ సైజు మార్చే మాడ్, గడియారంలో ఏం రాయాలో మనమే ఎంచుకునే మాడ్, టాస్క్‌బార్ మీద వీల్ తిప్పితే సౌండ్ మారే మాడ్, పట్టీని పైకి పంపేది, నిలువుగా పక్కన పెట్టేది, అన్నీ ఉన్నాయి. ఎక్స్‌ప్లోరర్‌ప్యాచర్ ఉచితంగానే విండోస్ 10 రూపం తెస్తుంది, స్టార్ట్‌ఆల్‌బ్యాక్, స్టార్ట్11 డబ్బులు పెట్టి కొనేవి.

ఇవన్నీ టాస్క్‌బార్‌ని నడిపే విండోస్ ఎక్స్‌ప్లోరర్‌లోకి దూరి పనిచేస్తాయి. అందుకే పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు తేడా చేయొచ్చు, యాంటీవైరస్ అనుమానించొచ్చు. ఆఫీస్ ల్యాప్‌టాప్‌లో ఐటీవాళ్ళని అడగకుండా అస్సలు పెట్టొద్దు. మీ సొంత దాంట్లో పెట్టేముందు రిస్టోర్ పాయింట్ (ఏదైనా తేడా వస్తే సిస్టమ్‌ని ఇప్పటి స్థితికి వెనక్కి తెచ్చేది) ఒకటి చేసుకోండి, స్టార్ట్‌లో రిస్టోర్ పాయింట్ అని టైప్ చేస్తే వస్తుంది, సి డ్రైవ్‌కి ప్రొటెక్షన్ ఆన్ చేసి క్రియేట్ కొట్టాలి. డౌన్‌లోడ్ ఆ సాఫ్ట్‌వేర్ సొంత సైట్ నుంచి మాత్రమే చేసుకోండి. ఒకే పని చేసే సాఫ్ట్‌వేర్లు రెండు ఒకేసారి పెట్టకండి, విండోస్ పెద్ద వెర్షన్ మారే ముందు వీటిని తీసేసి, అప్‌డేట్ అయ్యాక కొత్త వెర్షన్ ఎక్కించుకోండి.

టాస్క్‌బార్ ఉన్నట్టుండి కదలకుండా అయిపోతే కంట్రోల్ + షిఫ్ట్ + ఎస్కేప్ నొక్కండి, టాస్క్ మేనేజర్‌లో విండోస్ ఎక్స్‌ప్లోరర్ వెతికి దాని మీద రైట్ క్లిక్ చేసి రీస్టార్ట్ కొట్టండి, చాలావరకు దీంతోనే దారికొస్తుంది. బయటి సాఫ్ట్‌వేర్ వల్ల డెస్క్‌టాపే రాకపోతే కంట్రోల్ + ఆల్ట్ + డిలీట్ నొక్కి, కుడి కింద పవర్ గుర్తులో షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి. నీలం స్క్రీన్‌లో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, సిస్టమ్ రిస్టోర్ అని వెళ్ళి ఇందాక చేసుకున్న పాయింట్ ఎంచుకుంటే పాత స్థితికి వచ్చేస్తుంది. డ్రైవ్ ఎన్‌క్రిప్ట్ అయి (అంటే తాళం వేసినట్టు) ఉంటే అక్కడ బిట్‌లాకర్ రికవరీ కీ, అంటే ఆ తాళం తీసే పొడవాటి నంబర్, అడగొచ్చు, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన కంప్యూటర్ అయితే ఆ కీ సాధారణంగా ఆ అకౌంట్‌లోనే సేవ్ అయి ఉంటుంది, ఫోన్‌లో అదే అకౌంట్‌తో లాగిన్ అయి చూసుకోవచ్చు, సాఫ్ట్‌వేర్ ఎక్కించే రోజే ఒకసారి వెతికి ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.